తప్పు సమాధి మీద చామంతులు

పూలకొట్టు తెరిచిననాడు నా చేతిలో ఉన్న పెట్టుబడి ఇది: అత్తగారు వాడకుండా వదిలేసిన కారు షెడ్డు, చన్నీళ్లకు అలవాటుపడిన నా రెండు చేతులు, "నువ్వు చేస్తేనే బాగుంటుంది హిల్డా" అనే మా ఆయన యోరిస్ మాట. ఆ మూడోది కూడా మంచి సరుకేననుకుని జాగ్రత్తగా దాచుకున్నాను.

షెడ్డుతో పాటు అత్తగారు ఇంకొకటి కూడా ఇచ్చారు. తన చిన్నకొడుకు వానెస్. నలభై దాటినవాడు, ఏ కొలువులోనూ నిలవనివాడు. "మనవాడే కదా, కాస్త ఓపిక పట్టు" అన్నారు. షెడ్డుకు అద్దె అడగలేదు గనక, ఓపికే అద్దె అనుకుని కడుతూ వచ్చాను.

బెల్జియంలోని మా ఫ్లెమిష్ ఊళ్లలో పూలవాళ్లకు ఏడాదంతా ఒక ఎత్తు, పోయినవాళ్లను తలుచుకునే నవంబరు మొదటి తేదీ ఒక ఎత్తు. ఆ రోజు ప్రతి సమాధి మీదా చామంతి కుండీ ఉండాలి. ఊరంతా ఆ వరసల మధ్య నడుస్తూ ఎవరిది పెట్టారు, ఎవరిది పెట్టలేదు అని చూస్తుంది. మోకాళ్ల నొప్పులవాళ్లు మా దగ్గర కుండీ కొని, మమ్మల్నే పెట్టి రమ్మంటారు. ముందురోజు ఆ పని వానెస్‌ది. అంటే, పేరుకు వానెస్‌ది. అతను వచ్చేశాక నేను సైకిలు మీద వెళ్లి, రాళ్ల మీద పేర్లు చదువుకుంటూ, తప్పుచోట ఉన్న కుండీలను మోసుకెళ్లి సరైనచోట దించేదాన్ని. మట్టి నడుముదాకా అంటేది. యోరిస్‌తో చెబితే నవ్వేవాడు. చచ్చినవాళ్లు లేచివచ్చి అడుగుతారా అనేవాడు. వాళ్లు అడగరు. వాళ్ల భార్యలు అడుగుతారు.

ఈ ఏడాది కొట్లో జనం తెగక నేను వెళ్లలేకపోయాను. మర్నాడు పొద్దున ఎల్వీర గారు వచ్చారు, కోటు గుండీలన్నీ పెట్టుకుని, చేతిసంచి పొట్టకు అదుముకుని. ఆవిడ భర్త ఓదీల్ సమాధి బోసిగా ఉంది. ఆవిడ కొన్న కుండీ పక్క వరసలో కమీల్ సమాధి మీద వెలిగిపోతోంది. కమీల్ వాళ్ల పొరుగువాడు. మధ్యనున్న కంచెచెట్ల ఎత్తు గురించి తగాదా పడి, మళ్లీ మాటల్లేకుండానే ఇద్దరూ పోయారు.

"బతికినంతకాలం మా ఆయన వాడి మొహం చూడలేదు. ఇప్పుడు నా చేత వాడికి పూలు పెట్టించావు," అన్నారావిడ. "ఊరంతా చూసింది. ఇక నేను నీ కొట్టు గడప తొక్కను. మా వీధివాళ్లనూ తొక్కనివ్వను."

ఆ వీధి పోతే నా గిరాకీలో మంచి ముక్క పోయినట్టే. కాళ్లు అలవాటుగా సైకిలు వైపు తిరిగాయి. కాని వెనకగదిలో వానెస్ తీరిగ్గా కాఫీ తాగుతున్నాడు. ముందు అతని దగ్గరికి వెళ్లి, పెట్టేటప్పుడు పేరు చదివావా అని అడిగాను.

"ఎందుకు చదవాలి వదినా?" అన్నాడు, నిజంగానే ఆశ్చర్యపోతూ. "ఎక్కడ పెట్టినా నువ్వొచ్చి మారుస్తావుగా. మొదటి ఏడాది అన్నీ సరిగ్గానే పెట్టాను. అయినా నువ్వెళ్లి ఒక్కోటీ తిప్పి, మళ్లీ సర్దొచ్చావు. అప్పుడే అర్థమైంది, ఇది నా పని కాదని."

నాకు కోపం రావాలి. వచ్చింది కూడా, కాని వానెస్ దగ్గర ఆగకుండా ఇంటిదాకా పోయింది. యోరిస్ పెనం తోమితే అంచున జిడ్డు మిగులుతుంది, నేను మళ్లీ తోముతాను. బట్టలు ఆరేస్తే ఉండలుగా వేస్తాడు, నేను విప్పి మళ్లీ వేస్తాను. నువ్వు చేస్తేనే బాగుంటుంది అంటాడు, నేను పొగడ్తనుకుంటాను. అన్నదమ్ములిద్దరూ ఒకే బడిలో చదివారు, అత్తగారి వంటింట్లో. ఆవిడ వాళ్ల వెనక తుడుస్తూ తుడుస్తూనే ముసలిదైంది. ఆవిడ నాకు ఇచ్చింది షెడ్డు కాదు, ఆ తుడుపుగుడ్డ.

వానెస్ కోటు తీసి అతని చేతిలో పెట్టాను.

"ఎల్వీర గారితో వెళ్లు. నువ్వే తీసి, నువ్వే పెట్టి, నువ్వే చెప్పుకో. ఇకమీద నీ వెనక నేను రాను. క్రిస్మస్ దండలు ఇచ్చిరావాల్సిన రోజుల దాకా చూస్తాను. అప్పటికీ పేర్లు చదవకపోతే ఇంకో కొట్టు చూసుకో."

"అమ్మకేం చెబుతావు?"

"నువ్వే చెప్పు. అదీ నీ పనే."

చాలాసేపటికి తిరిగొచ్చాడు, చెవులు ఎర్రబడి. కమీల్ మీది కుండీని ఎల్వీర గారు తీయనివ్వలేదట. ఇంతమంది చూస్తుండగా సమాధి మీది పూలు లాక్కుంటే తననే అంటారట. ఓదీల్‌కి ఇంకొకటి కావాలి, దానికన్నా పెద్దది. రాతి మీది పేరు వానెస్ పైకి చదివి మరీ పెట్టాలి. పెద్ద కుండీ ఎత్తుకుని మళ్లీ వెళ్లాడు. నేను వెనక వెళ్లలేదు. వెళ్లకుండా ఉండడం ఎంత కష్టమో ఆ గంటలో తెలిసింది.

సాయంత్రం యోరిస్ పెనం తోమి బోర్లించాడు. అంచున జిడ్డు మెరుస్తోంది. నా చెయ్యి దానివైపు వెళ్లింది. వెనక్కి లాక్కున్నాను.

"ఏం, మళ్లీ తోమవా?" అన్నాడు.

"తోమను. రేపు నీ బంగాళాదుంపలు అందులోనే."

ఇక లెక్క ముగిస్తాను. షెడ్డు ఇంకా అత్తగారిదే. ఎల్వీర గారి వీధి చెయ్యి జారిపోలేదు. మా ఆయన మాటను ఆయనకే తిరిగి ఇచ్చేశాను. మిగిలింది నా రెండు చేతులు. మొదట్లోనూ అవే ఉన్నాయి. ఇప్పుడు ఖాళీగా ఉన్నాయి.