తంపటి మంట దగ్గర పిలిచిన పేర్లు

ఏది ముందో ఏది వెనకో నేను తారుమారు చేసి ఉంటే చేసి ఉంటాను. తేగలు కుండకెక్కించింది చీకటి పడ్డాకా, పడకముందా అంటే ఇప్పుడు సరిగా చెప్పలేను. మంట అంటుకున్నాక జరిగింది మాత్రం చెప్పగలను.

తెనాలిలో మంగాయమ్మ ఇంట్లో, క్రిస్మస్ వెళ్ళిన వారం పెరట్లో తంపటి వేస్తారు. పచ్చి తేగలు కుండలో నిలువుగా కుక్కి, మూతికి గడ్డి దోపి, కుండని నేల మీద బోర్లించి చుట్టూ ఎండు తాటిమట్టలు పేర్చి అంటిస్తారు. మంట అందుకున్నాక ఇంటి పెద్ద ఒక్కో మట్ట వేస్తూ ఇంట్లోవాళ్ళని పేరుపేరునా పిలవాలి. పిలిచినవాళ్ళు ఎక్కడున్నా వాళ్ళ నీడ వెనక ప్రహరీ గోడ మీదికి వస్తుంది. బాపట్ల ఆఫీసులో ఉన్న కొడుకు మనోహర్ నీడ ఇంకా ఫైళ్ళు సర్దుతూ కనపడితే, ఈయనకి ఇవాళ కూడా రైలు తప్పిపోతుందని కోడలు నిర్మల విసుక్కునేది.

పిలవనివాళ్ళ నీడ రాదు. పోయినేడు మంగాయమ్మ చిన్న మనవడు రోహిత్‌ని పిలవడం మర్చిపోయింది. వాడు మంటకి ఎదురుగానే కూర్చున్నా గోడ మీద వాడి చోటు ఖాళీగా ఉండిపోయింది. ఆ రాత్రంతా వాడు తల్లి కొంగు వదల్లేదు.

అందుకని ఈసారి నిర్మల పెద్దపిల్ల సింధుని నాయనమ్మ పక్కనే కూర్చోబెట్టి, పేర్లు చెవిలో అందించమంది. ఎందుకు కూర్చోబెట్టారో మంగాయమ్మకి తెలుసు. చీర అంచు వేళ్ళతో నలుపుతూ, "నువ్వేం చెప్పక్కర్లేదే, నాకు వచ్చు" అంది గానీ, ఒక్కో పేరు ముందు పిల్ల మొహం చూస్తూనే ఉంది.

మనోహర్‌ని పిలిచింది. నీడ రైల్లో కూర్చుని ఉంది. నిర్మలని, సింధుని పిలిచింది. రోహిత్‌ని రెండుసార్లు పిలిచింది. వాడు గోడ మీద తన నీడకి చెయ్యి ఊపి నవ్వాడు. అయిపోయింది కదా అని నిర్మల ఊపిరి పీల్చుకుంటుంటే మంగాయమ్మ ఇంకో మట్ట తీసింది.

"శాలేమురాజూ, రావయ్యా. చలిగా ఉంది."

నిర్మల చేతిలో ఊదుగొట్టం ఆగిపోయింది. శాలేమురాజు మంగాయమ్మ మరిది. పెనుమూడిలో ఒక్కడే ఉంటాడు. మంగాయమ్మ భర్త యేసుదాసు పోయినప్పుడు, అన్నని పెనుమూడిలో తండ్రి పక్కన పూడ్చాలని అతను, తెనాలిలోనే పూడుస్తానని మంగాయమ్మ, సమాధి దగ్గరే మాటా మాటా అనుకున్నారు. ఆ తర్వాత ఆ పేరు ఈ పెరట్లో ఎవరూ ఎత్తలేదు. పిల్లలకి అలాంటి మనిషి ఉన్నట్టే తెలీదు.

"ఆయనెవరు నాయనమ్మా?" అంది సింధు.

"ఏంటే ఆ అడగడం? మీ చిన్న తాతయ్య."

గోడ అడుగున నెమ్మదిగా నీడ వచ్చింది. అది కూర్చుని లేదు. నేల మీద వెల్లకిలా పడి ఉంది, దాని మీద అడ్డంగా నిచ్చెన మెట్లు. ఒక చెయ్యి కొంచెం లేచి పడిపోయింది.

"తాతయ్య బజ్జున్నాడు" అన్నాడు రోహిత్.

"బజ్జోలేదురా. పడిపోయాడు" అంది మంగాయమ్మ.

నిర్మల ఫోన్లో వెతికితే ఆ నంబరు లేదు. ఎప్పుడో తీసేశారు. రైల్లో ఉన్న మనోహర్‌కి చేస్తే, అతని దగ్గరా లేదు గానీ, పెనుమూడి వంతెన దగ్గర టీ కొట్టు హనుమయ్య నంబరు ఇచ్చాడు. హనుమయ్య ఇంకేం అడగకుండా, కొట్టు అలాగే వదిలి బయలుదేరతానన్నాడు.

మంట ఆరితే నీడ పోతుంది. మట్టలు అయిపోయాయి. సింధు పాత చీపుళ్ళు తెచ్చింది, నిర్మల విరిగిన మంచం కోడు తెచ్చింది. కుండలో తేగలు మాడుతున్న వాసన వస్తున్నా ఎవరూ తీయలేదు. మధ్యమధ్యలో మంగాయమ్మ తడబడి, "ఎవరి కోసం చూస్తున్నాం మనం?" అని అడిగేది. సింధు చెవిలో పేరు చెప్పేది. మంగాయమ్మ పిలిచేది. పిలిచినప్పుడల్లా ఆ చెయ్యి లేచేది. ఒకసారి పిలిస్తే లేవలేదు. మంగాయమ్మ తను కూర్చున్న పీట తీసి మంటలో వేసి మళ్ళీ పిలిచింది. వేళ్ళు కదిలాయి.

అప్పుడు నిచ్చెన తనంతట తనే లేచి పక్కకి జరిగింది. హనుమయ్యని ఎవరూ పిలవలేదు కదా, అందుకని అతని నీడ రాలేదు.

శాలేమురాజుకి తుంటి ఎముక విరిగింది. మధ్యాహ్నం నుంచీ అలాగే పడి ఉన్నాడట, తెల్లారేదాకా ఉంటే దక్కేవాడు కాదని రేపల్లె డాక్టరు అన్నాడు. కాస్త తేరుకున్నాక మనోహర్ కారు మాట్లాడి తెనాలి తీసుకొచ్చాడు. నిర్మల అతని కోసమని మళ్ళీ తంపటి వేయించింది.

కుర్చీలో బిగుసుకుని కూర్చున్న శాలేమురాజు మంగాయమ్మ వైపు తిరిగాడు. "వదినా, ఆ రోజు సమాధి దగ్గర నేనన్న మాట..."

"ఏ రోజయ్యా?" అంది మంగాయమ్మ.

అతను నిర్మల వైపు చూశాడు. నిర్మల తేగ చీల్చి, మధ్యలోని లేత మొలక, చందమామ, తీసి అతని చేతిలో పెట్టింది. "చల్లారిపోతుంది, తినండి చిన్నమామయ్యా" అంది. ఆ రోజు సంగతి మంగాయమ్మకి ఎవరూ గుర్తు చేయలేదు.

రూబీ, మా అక్క మనవరాలివి, ఆ ఇల్లు నీకూ తెలుసు. నేను రాసిన ఇది ఒకసారి చదివి పేర్లు సరిచూడమ్మా. తప్పు రాస్తే దిద్దేయొచ్చు. ఎవరినైనా వదిలేశానేమో, అది చూడు ముందు.