కార్యదర్శి గారి నిషిద్ధ పదాలు

తాళం దొంగకే అడ్డు, ఇంటివారికి కాదని లోకంలో ఒక నమ్మకం ఉంది. ఇంటర్నెట్టుకు తాళం వేసేవారి వాదన కూడా అదే: చెడ్డవి వెతికేవాణ్నే అది ఆపుతుంది, మంచివాళ్లకు అది ఉన్నట్టు కూడా తెలియదు. మెదక్‌లో చర్చి గోపురం కనిపించే ఒక కాలనీలో పఠనమందిరానికి ఉచిత వైఫై పెట్టినప్పుడు కమిటీ కార్యదర్శి ప్రభుదాసు మైకు పట్టుకుని ఈ మాటే చెప్పాడు. ముందు వరుసలోని వాళ్లు చప్పట్లు కొట్టారు. వెనక కుళాయి దగ్గర టీ గ్లాసులు కడుగుతున్న ఆయన భార్య రాహేలు, చేతులు తడిగా ఉండి చప్పట్లు కొట్టలేదు గాని, ఆ మాట నిజమేననుకుంది.

కార్యదర్శి పదవి ఆయనది. పఠనమందిరం పని ఆమెది. ప్రభుదాసు ముప్ఫయ్యేళ్లు తెలుగు పండితుడిగా పనిచేసి రిటైరయ్యాడు. ఊరంతా ఆయనను సారు అంటుంది. రాహేలు కూడా సారు అనే పిలుస్తుంది, మొదట్లో వెక్కిరింతగా, తరువాత అలవాటుగా. పొద్దున్నే హాలు తాళం తీయడం, ఊడ్వడం, పేపర్లు సర్దడం, పెద్ద నీళ్ల క్యాను ఎత్తి స్టాండు మీద బోర్లించడం ఆమె పనులు. జీతం లేదు, కమిటీ బోర్డు మీద పేరూ లేదు. "మన హాలే గద" అంటాడాయన. ఆ 'మన'లో ఊడ్చేవారు ఒకరు, ఉపన్యసించేవారు ఒకరు అన్న సంగతి ఆయనకు తట్టదు. అందుకు ఆమెకు కోపం రావలసినంతగా రాదు. కూరలో ఉప్పు మరిచిపోయిన రోజున కిమ్మనకుండా తిని లేచే మనిషి. ఒక మధ్యాహ్నం ఆమె కునుకు తీస్తుంటే ఫ్యాను కీచుమంటోందని స్టూలెక్కి నూనె వేశాడు. వేసి, ఆమెను తట్టి లేపి, "చూడు, ఇప్పుడు సప్పుడు లేదు" అని చెప్పాడు. ఇటువంటి మనిషి మీద కోపం నిలుపుకోవడం కష్టం.

వానాకాలంలో ఒక పొద్దున క్యాను ఎత్తుతుండగా ఆమె పొత్తికడుపులో ఏదో తన చోటు వదిలి కిందికి దిగినట్టయింది. నొప్పి కాదు, బరువు. కొన్నాళ్లు ఎవరికీ చెప్పలేదు. తుమ్మినా దగ్గినా చీర తడుస్తుంటే ఇక దాచలేక భర్తకు చెప్పింది. చెప్పడానికి మాట దొరకలేదు. "కింద మంచిగ లేదు" అంది. ఆయన కూడా ఏం మంచిగా లేదని అడగలేదు. మర్నాడే ఒక ప్రైవేటు నర్సింగ్‌హోమ్‌కు తీసుకుపోయాడు. డాక్టరమ్మ చప్పున చూసి, చేతులు కడుక్కుంటూ, ప్రభుదాసు వైపు తిరిగి చెప్పింది: "గర్భసంచి జారింది సార్. తీసేద్దాం. ఈ వయసుల దాంతోని పనేమున్నది?"

"మీరెట్లంటె గట్లనే మేడం" అన్నాడాయన.

వచ్చే గురువారమని ఖాయమైంది. ఆ మాటలన్నీ జరుగుతున్నంత సేపూ రాహేలు బల్ల మీద కూర్చుని చీర కుచ్చిళ్లు సర్దుకుంటూ ఉంది. గర్భసంచి ఎవరిదో ఆ మనిషిని ఆ గదిలో ఎవరూ ఏమీ అడగలేదు. ఆటోలో వస్తూ ప్రభుదాసు ఆమె చేయి పట్టుకున్నాడు. "పరేషాన్ గాకు. తీసేస్తె పీడ పోతది." ఆయన ధైర్యం చెబుతున్నాడని ఆమెకు తెలుసు. కాని పీడ అన్న మాట ఇంటికొచ్చాక కూడా వదలలేదు. ఇద్దరు ఆడపిల్లలను అందులోనే మోసింది. ప్రతి కాన్పు తరువాత ఈ మనిషే చర్చిలో మిఠాయి పంచాడు. అప్పుడది పీడ కాదు. వాడకం అయిపోయిన వస్తువును అటక మీద నుంచి దించి పాత సామాన్లవాడికి వేసినట్టు, ఇప్పుడు దాన్ని తీసి పారేయడానికి ఇద్దరు పెద్దమనుషులు తారీఖు పెట్టుకున్నారు. తీయవలసిందే అయితే తీయించుకుంటుంది. అందుకు ఆమె సిద్ధమే. తీయవలసిందేనా అన్నది మాత్రం తెలుసుకోవాలి. గురువారంలోగా తెలుసుకోవాలి.

పక్కింటి కిష్టవ్వ గోడ మీదికి వంగి అంతా విని పెదవి విరిచింది.

"నాకు ముప్పయేండ్లకే తీసిండ్రు రాహేలమ్మా. గప్పటి సంది ఈ నడుం నాది గాదు. నాకు సదువు రాదు, ఎవ్వలు చెప్పలే. నువ్వన్న జర తెలుసుకోరాదు?"

"ఏం తెలుసుకోవాలె కిష్టవ్వా?"

"నిజాంపేటల మా ఆడిబిడ్డకు గిదే అయితె సర్కారు దవాఖానల సంచి జారకుంట లోపట రింగు పెట్టిండ్రు. సంచి గట్లనే ఉన్నది. ఆమె గూడ గట్లనే ఉన్నది, మస్తుగ అందరితోని కొట్లాడుకుంట."

రాహేలు పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదువుకుంది. ఫోనులో తెలుగులో రాసి వెతకడం పెద్ద కూతురు నేర్పింది. 'గర్భసంచి జారితే రింగు' అని కొట్టింది. మొదటి పేజీ తెరవబోతే తెర మీద ఒక తాళంకప్ప బొమ్మ వచ్చింది. 'ఈ పేజీ పద్దెనిమిదేళ్లు నిండినవారికి మాత్రమే. ఖాతాదారు అనుమతి అవసరం.' ఇంట్లోని నంబర్లన్నీ ఫ్యామిలీ ప్యాక్ కింద ప్రభుదాసు పేరు మీదే ఉన్నాయి. వేసవి సెలవులకు మనవరాలు నిస్సి వచ్చినప్పుడు పిల్ల చేతిలో ఫోను ఉంటుందని ఆయన అన్నిటికీ కలిపి తాళం వేయించాడు. నిస్సికి ఏడేళ్లు. రాహేలుకు యాభై మూడు. కంపెనీ లెక్కలో ఆ ఇంట్లో పెద్దమనిషి ఒక్కడే.

మర్నాడు మధ్యాహ్నం, హాల్లో ఎవరూ లేని వేళ, పఠనమందిరం వైఫైకి ఫోను తగిలించుకుని మళ్లీ వెతికింది. ఈసారి తెర ఎర్రగా వెలిగింది. మధ్యలో తెల్లని అక్షరాలు: 'మీరు కోరిన విషయం సభ్యసమాజానికి తగనిది; సన్మార్గము నెంచుకొనగలరు.'

ఆ వాక్యం ఎవరిదో ఆమెకు వెంటనే తెలిసిపోయింది. తెలుగు వాక్యంలో సెమికోలన్ పెట్టే మనిషి, ఆమెకు తెలిసినంతలో, మెదక్‌లో ఒక్కడే. పెళ్లయిన కొత్తలో కౌడిపల్లి బడి నుంచి ఆమెకు రాసిన ఉత్తరాల్లోనూ అవే ఉండేవి. అవి చూసి నవ్వుకునేది. ఇప్పుడు అదే చేయి తనను సన్మార్గం ఎంచుకోమంటోంది. చెంపలు వేడెక్కాయి. ఎవరైనా చూశారా అని తలుపు వైపు చూసింది. ఆ తరువాత, తానెందుకు చూసిందని తన మీద తనకే చిరాకు కలిగింది.

అప్పుడొక సాయంత్రం గుర్తొచ్చింది. వైఫై పెట్టిన వారం. కనెక్షన్ ఇచ్చిన నగేష్ ఫోను చేసి, ఆపవలసిన మాటలేవో చెప్పమన్నాడు. ఆ మాటలున్న ఏ పేజీనైనా తన జల్లెడ ఆపేస్తుందన్నాడు. అధ్యక్షుడు పరశురాం ఆ బాధ్యతను "మాటలంటె సారే" అని ప్రభుదాసు మీదికి తోశాడు. రాహేలు టీ తీసుకుని వస్తే ఆయన ఫోనును అరచేత్తో మూసి, "నువ్వు జర లోపలికి పో" అన్నాడు. ముప్ఫయ్యేళ్లుగా కాపురం చేస్తున్న భార్య వినకూడని మాటలేమిటా అని ఆమె వంటింట్లో నవ్వుకుంది. లోపలికి గుసగుసలు మాత్రమే వినిపించాయి, చాలాసేపు. ఆయన ఏ పని చేసినా సమగ్రంగా చేస్తాడు.

ఆమె కుర్చీ లాక్కుని కూర్చుంది. అనుమానం వచ్చినప్పుడు పరీక్షించి చూడమని ఆయనే పిల్లలకు చెప్పేవాడు. 'పసిబిడ్డకు పాలివ్వడం' అని కొట్టింది. వచ్చిన పేజీ ముట్టుకుంటే ఎర్ర తెర. 'నెలసరిలో నొప్పి'. ఎర్ర తెర. 'ప్రోస్టేట్ వాపు' అని కొట్టింది. నిరుడు సారు ఇక్కడే కూర్చుని దాని గురించి వారం రోజులు చదివాడు. పేజీ బొమ్మతో సహా తెరుచుకుంది. కాసేపు ఆగి, మగవాడి అవయవం పేరే కొట్టింది. అది కూడా మర్యాదగా తెరుచుకుంది.

అయిదింటికి ప్రభుదాసు వచ్చేసరికి పరశురాం కూడా వచ్చి పేపరు విప్పుకుని ఉన్నాడు. ఇంటికి పోయాక అడుగుదామనుకుంది. కాని ఆ మాటలు ఆపింది ఈ హాల్లోనే కదా.

"సారూ, మీరు నగేష్‌కు చెప్పిన మాటలల్ల మగోళ్లది ఒక్కటన్న ఉన్నదా?"

ప్రభుదాసు కళ్లద్దాలు తీశాడు. ఆమె ఫోను చూపించి జరిగింది వరసగా చెప్పింది. గురువారంలోగా ఏం తెలుసుకోవాలనుకుందో కూడా చెప్పింది. ఆయన అబద్ధం ఆడే మనిషి కాడు. ఆలోచించి అన్నాడు: "లేదు."

"ఎందుకు లేదు?"

"తోచలే రాహేలు."

అది నిజమని ఆమెకు తెలుసు. చెడ్డతనమైతే ఎదిరించవచ్చు. తోచకపోవడాన్ని ఎదిరించడానికి పక్కన కూర్చుని చూపించవలసి వస్తుంది.

ఆయన అప్పటికప్పుడే నగేష్‌కు ఫోను కలిపాడు. చెవి కొద్దిగా మందం కావడంతో ఎప్పుడూ స్పీకరు మీదే మాట్లాడతాడు.

"నగేష్, నేను చెప్పిన మాటలు అవన్ని తీసెయ్యాలె."

"అన్ని ఒక్కసారి పోవు సార్, ఒక్కొక్కటి కొట్టి తియ్యాలె. నాకు యాదికి లేవు. మీరు చెప్పినయి సగం నాకు ఎరుకనే లేకుండె. నితంబమంటె ఏందని మా ఇంటామెను అడిగిన."

పరశురాం పేపరు కొద్దిగా పైకి లేచింది.

"గీటిని తీసేస్తె పోరగాళ్లు..." అన్నాడు ప్రభుదాసు.

"పోరగాళ్లు తెలుగుల ఎందుకు కొడ్తరు సార్? ఇంగ్లీషుల కొడ్తరు. చెడ్డ సైట్లను ఆపేటిది వేరే ఉన్నది, అది మొదటి సంది నడుస్తనే ఉన్నది. గీ మాటలు మీరు పట్టుబట్టిండ్రని వేసిన."

"మరి వీటితోని గిన్ని దినాలు ఆగిందెవరు నగేష్?" అని అడిగింది రాహేలు.

అవతల కంప్యూటరు ముందుకు కుర్చీ జరిపిన చప్పుడైంది. తరువాత, "మాటలు చెప్పుండ్రి సార్, తీస్త" అని వినిపించింది.

ప్రభుదాసు నోరు తెరిచాడు. పరశురాం వైపు చూశాడు. "మొదటిది... అదే, మొదటిది."

"మొదటిదంటె ఏది సార్?"

ఆయన చెమట తుడుచుకున్నాడు. రాహేలుకు నవ్వు వచ్చింది. ఆ మాటలు తానూ ఎన్నడూ పలకలేదు. చిన్నప్పుడు అమ్మ 'అక్కడ' అనేది. మెట్టింట్లో అత్త నెలసరికి పేరు పెట్టకుండా కళ్లతో అడిగేది. కాన్పుల గదిలో ఆయా 'కింద' అంది. మొన్న డాక్టరమ్మ ముందు తానూ అదే అంది. యాభై మూడేళ్లు తాను కాపురముంటున్న ఒళ్లు, అందులో ఏ గది పేరూ పైకి చెప్పకూడదు. ఖాళీ చేయించేటప్పుడు మాత్రం వేరేవాళ్లు సంతకం పెడతారు. ఆమె చేయి చాచి భర్త చేతిలోంచి ఫోను తీసుకుంది.

"రాసుకో నగేష్. యోని."

పరశురాం పేపరు ముఖం కనపడనంతగా పైకి లేచింది.

"స్తనం. ఋతుస్రావం. రొమ్ము. చనుబాలు."

"చెల్లె, జర మెల్లగ" అన్నాడు పరశురాం పేపరు వెనక నుంచి.

"మెల్లగ చెప్తె నగేష్‌కు వినవడదు అన్నా. నితంబం. జఘనం. గింతేనా సారూ?"

ప్రభుదాసు నేల చూస్తున్నాడు. కొంతసేపటికి, పద్యంలో పాదం మరిచిన పిల్లవాడికి అందించినట్టు, మెల్లగా అన్నాడు: "పయోధరం మరిచినవ్."

"పయోధరం" అంది రాహేలు.

"కుచం గూడ. ఇంకొకటి ఉన్నది, భగం."

"మేడం, జర ఆగుండ్రి, టైపు చేస్తున్న" అన్నాడు నగేష్.

పని పూర్తయ్యాక ఆమె మళ్లీ వెతికింది. పేజీ తెరుచుకుంది. అక్షరాలు చిన్నవిగా ఉంటే ప్రభుదాసు ఫోను తీసుకుని, ముప్ఫయ్యేళ్లు పాఠం చెప్పిన గొంతుతో, పైకి చదివాడు. జారుడులో దశలు ఉంటాయని. తొలి దశల్లో కటి కండరాల వ్యాయామం పనిచేస్తుందని. చాలామందికి యోనిలో అమర్చే రింగు సరిపోతుందని. ఆపరేషను అందరికీ అవసరం కాదని. యోని అన్న చోట ఒక్క క్షణం ఆగాడు, ఆగి, చదివాడు. రెండోసారి ఆ మాట వచ్చినప్పుడు ఆగలేదు. పరశురాం పేపరు మడిచి పక్కన పెట్టాడు. "గా పేజి నాకు గూడ పంపు సారూ. మా ఇంట్ల చూపియ్యాలె" అన్నాడు.

ఇంటికి నడుస్తూ రాహేలు చెప్పింది: "గురువారం నేను పోను. ముందుగాల సర్కారు దవాఖానకు పోత."

"డాక్టరమ్మ ఏమంటదో."

"ఏమన్నా వింట. నన్ను చూసి చెప్తె."

"నేను గూడ వస్త" అన్నాడాయన.

"రాండ్రి. బయట కూసోకుండ్రి, లోపలికి రాండ్రి. ఇంకొకటి, నా నంబరు నా పేరు మీదికి మార్పియ్యాలె."

"తాళం తీపిస్త కదనే."

"తాళం సంగతి కాదు సారూ. పేరు సంగతి."

మంగళవారం ఆధార్ కార్డు తీసుకుపోయి రాహేలు తన నంబరును తన పేరు మీదికి మార్పించుకుంది. బుధవారం సర్కారు దవాఖానలో డాక్టరు ఆమెను పరీక్షించి, జారుడు రెండో దశలో ఉందని ఆమెకే చెప్పింది. ప్రభుదాసు భార్య చేతిసంచి పట్టుకుని పక్కన నిలబడి విన్నాడు. డాక్టరు రింగు అమర్చి, వ్యాయామం నేర్పి, మూడు నెలలకు మళ్లీ రమ్మంది. నర్సింగ్‌హోమ్‌కు రాహేలు తానే ఫోను చేసి రావడం లేదని చెప్పింది. గురువారం ఆపరేషను జరగలేదు.