చిన్నమేడమ్ దిద్దిన లెక్క

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని మా అత్తగారు ఇంటికొచ్చినవాళ్లందరికీ చెబుతారు. నిజమే, కాదనను. ముప్పై మంది రాసిన ప్రోగ్రాములు వారానికి రెండుసార్లు లైను లైనూ చదివి దిద్దమనండి, ఎవరికైనా అక్కడే ఉంటుంది. ఆ చాకిరీ పడలేకే దిద్దే పని కంప్యూటర్‌కి అప్పజెప్పాను.

పిల్లల ఆసుపత్రికి ఆనుకుని ఉన్న శిక్షణ కేంద్రంలో నేను టీచర్ని. నర్సింగ్ చదివినవాళ్లకి మందుల డోసు లెక్కగట్టే ప్రోగ్రాములు రాయడం నేర్పుతాను. మేం వాడేదాన్ని నోట్‌బుక్ అంటారు. తెర మీద ఒక పేజీ, పేజీ నిండా గడులు. గడిలో కోడ్ రాసి నొక్కితే దాని కిందే జవాబు వస్తుంది. దానికి నేనొక ఎక్స్‌టెన్షన్ తగిలించాను. విద్యార్థి "సబ్మిట్" నొక్కగానే అది ఆ కోడ్‌ని నడిపించి, నేను దాచిపెట్టిన జవాబుతో పోల్చి చూస్తుంది. సరిపోతే పచ్చ గీత, లేకపోతే ఎర్ర గీత. మార్కులు నేరుగా ఆఫీసుకి వెళ్లిపోతాయి. కొన్ని పరీక్షలు వాళ్లకి కనిపిస్తాయి, కొన్ని కనిపించవు. కనిపించనివాటిలో తప్పితే ఎక్కడ తప్పారో చచ్చినా చెప్పదు. కానీ ఎన్నిసార్లయినా మార్చి పంపుకోవచ్చు. క్లాసంతా దానికి చిన్నమేడమ్ అని పేరు పెట్టుకున్నారు. నాకంటే అదే నయమట, తిట్టదట.

చివరి లెక్క మూర్ఛ మందుది. శుక్రవారం సాయంత్రం ఐదింటికి గడువు. ఒక్క పరీక్ష తప్పినా సున్నా, వందకి వంద వస్తేనే పాసు. పాసైనవాళ్ల ప్రోగ్రామే వాళ్లకిచ్చిన వార్డులో లేబుళ్లు ముద్రిస్తుంది, లేబుల్ మీద ఎంతుంటే పిల్లకి అంత మందు పడుతుంది. ఇదివరకు మధ్యలో ఒక నర్సు చూసి సంతకం పెట్టేది. "చిన్నమేడమ్ చూశాక మళ్లీ మనుషులు చూడ్డమెందుకమ్మా?" అని మా కేంద్రం పెద్దసారు ఆ సంతకం తీసేయించారు. ఆ రోజు నేను పొంగిపోయాను, సిగ్గులేకపోతే సరి.

శుక్రవారం మధ్యాహ్నానికి ఇరవైతొమ్మిది మందికి వంద వచ్చింది. ఒక్కతికి సున్నా. క్లాసంతా మొండిఘటం అని పిలిచే అమ్మాయి. సోమవారం నుంచి మూర్ఛ పిల్లల వార్డులో చేరాల్సింది తనే. మిగతావాళ్ల పోస్టింగులు వచ్చే నెల. వంద రాకపోతే ఆ చోటు పోతుంది. రెండేళ్లుగా ఆ వార్డు కోసమే కూర్చుని చదివింది, ఆ సంగతి నాకు తెలుసు.

కాగితం పట్టుకుని నా గదికి వచ్చింది.

"మేడమ్, చేత్తో నాలుగుసార్లు వేసి చూసుకున్నాను. నాదే కరెక్టనిపిస్తోంది. ఒక్కసారి చూస్తారా?"

"ఇరవైతొమ్మిది మందికి వచ్చింది, నీ ఒక్కదానికే రాలేదా? తాను పట్టిన కుందేలుకి మూడే కాళ్లంటే ఎలా?"

"వాళ్లకీ మొదట ఎర్రగానే వచ్చిందండీ."

"మార్చుకున్నారు, వచ్చింది. నువ్వూ మార్చుకో."

"పోనీ ఏది మార్చాలో చెప్పండి మేడమ్."

"పచ్చగా వచ్చేదాకా మార్చు. ఐదు దాకా టైముందిగా, వెళ్లు."

కాగితం చివర "దీనికి సున్నా ఎందుకొచ్చింది మేడమ్?" అని రాసి, నా బల్ల మీద పెట్టి వెళ్లిపోయింది. నేను చదవలేదు. పుస్తకాలతో పాటు సంచీలో కుక్కుకుని ఇంటికొచ్చాను.

సోమవారం పొద్దున ఎనిమిదవుతుండగా అత్తగారు సరుకుల చీటీ రాయడానికి కాగితం వెతుక్కుంటూ నా సంచీ తెరిచారు. రాయకుండా కళ్లజోడు సర్దుకుని చదవడం మొదలుపెట్టారు. ముప్పై ఏళ్లు పిల్లల వార్డులో నర్సుగా చేసిన మనిషి.

"ఎవరమ్మాయ్ ఈ పిల్ల? ముత్యాల్లాంటి రాత, శుభ్రంగా వేసింది లెక్క. దీనికి సున్నా వేసిన మహాతల్లి ఎవరు?"

"నేనే అత్తయ్యా. అంటే, మెషిను."

"పది కిలోల పిల్ల. కిలోకి ముప్పై చొప్పున రోజుకి మూడొందల మిల్లీగ్రాములు. మూడు పూటలు. పూటకి వంద. ఇందులో తప్పేముంది? నీ మెషిను పూటకి ఎంత పొయ్యమంటోందేంటి?"

ఈవిడకి కోడ్ గురించి ఏం తెలుసులే అని నవ్వుకుంటూనే లాప్‌టాప్ తెరిచాను. దాచిపెట్టిన పరీక్ష తీశాను. పూటకి మూడొందలు అని ఉంది.

ఆ అంకె నాదే. రోజుకి ఒక్కసారి వేసే మందు కోసం ముందు రాసుకున్న ప్రోగ్రామునే ఇక్కడా నడిపించి, వచ్చిన అంకె ఎత్తి రాసేశాను. పూటలతో భాగించడం మరిచిపోయాను. పైకి కనిపించే పరీక్షలో ఇచ్చింది ఒక్కపూట మందే కనుక అక్కడ ఎవరికీ ఏ తేడా తగల్లేదు. దిద్దేదాన్ని దిద్దాలని నాకు తోచలేదు.

ఇరవైతొమ్మిది మంది పంపినవన్నీ వరసగా తీశాను. మొదటి అబ్బాయి మొదటిసారి పూటలతో భాగించాడు, ఎర్ర గీత. రెండోసారి ఏదో కెలికాడు, ఎర్రదే. మూడోసారి భాగించే లైను తీసేశాడు, పచ్చ గీత. రెండో అమ్మాయిదీ అంతే. మూడోదీ అంతే. అందరూ మొదట సరిగ్గానే రాశారు. అందరూ మార్కుల కోసం సరైనదాన్ని తమ చేతులతో తామే చెరిపేశారు. ఒకడు ఆ గడి పక్కన రాసుకున్నాడు కూడా: "ఎందుకో తెలీదు, ఇలా అయితే వస్తోంది."

పెద్దసారుకి చెబుదామని ఫోన్ అందుకున్నాను. అంతలోనే ప్రాణం లేచొచ్చింది.

"హమ్మయ్య, వీళ్లెవరూ వచ్చే నెల దాకా వార్డుల్లో అడుగుపెట్టరు అత్తయ్యా. ఇవాళ మొదలయ్యేది మూర్ఛ వార్డు ఒక్కటే, అక్కడుండేది ఈ పిల్లే. ఇదొక్కతే మార్చలేదు. దీని మొండితనం చల్లగుండ! ఇప్పుడే వెళ్లి, నాదే తప్పు తల్లీ అని చెప్పొస్తాను."

అత్తగారు నవ్వలేదు. కాగితం బల్ల మీద పెట్టారు.

"సున్నా వచ్చిన పిల్లని వార్డులోకి ఎలా రానిచ్చారమ్మాయ్?"

ఆ అమ్మాయి పంపినవి తీశాను. శుక్రవారం పద్నాలుగుసార్లు పంపింది. పద్నాలుగుసార్లూ రాసిన తీరు మార్చింది, జవాబు మాత్రం మార్చలేదు. పూటకి వంద, పూటకి వంద, పూటకి వంద. పద్నాలుగుసార్లూ ఎర్ర గీత. నాలుగూ యాభైరెండుకి పదిహేనోసారి పంపింది. అందులో ఒక లైను లేదు. పచ్చ గీత, వందకి వంద.

వార్డుకి ఫోన్ చేశాను. రెండుసార్లు తప్పు నంబరు నొక్కాను. మూడోసారి తనే ఎత్తింది.

"మేడమ్! వంద వచ్చింది మేడమ్! ఆ రోజు మీరు తిట్టకపోతే నేను మార్చేదాన్నే కాదు. మీ మేలు జన్మలో మరిచిపోలేను."

"పొద్దుటి మందు వేసేశారా?"

"ఆరింటికే అయిపోయిందండీ. పద్దెనిమిది మందికీ నేనే దగ్గరుండి వేయించాను, అన్నీ నా లేబుళ్లే."

"డాక్టర్ని పిలువు! ఉన్నపళంగా పిలువు!" అని అరిచాను. అత్తగారు అప్పటికే లేచి చెప్పులు వెతుక్కుంటున్నారు.

"ఎందుకు మేడమ్, కంగారేం లేదు," అంది ఆ అమ్మాయి, పిల్లలు లేస్తారేమోనని గొంతు తగ్గించి. "ఎంత బుద్ధిగా పడుకున్నారో మీరొచ్చి చూడాలి. పొద్దుట్నుంచి ఒక్కరూ కదల్లేదు."