చక్కెర వెయ్యని చాయ్

యేసమ్మ పొద్దున ఐదింటికే లేస్తుంది. వాకిలి ఊడ్చి, నల్లా నీళ్లు పట్టి, పొయ్యి మీద చాయ్ గిన్నె పెడుతుంది. నీళ్లు, పాలు, చాయ్‌పత్తా, కాసింత అల్లం. చక్కెర వెయ్యదు. ఆమెకు షుగర్ వచ్చి తొమ్మిదేళ్లయింది. అప్పటినుంచి ఆ ఇంటి గడప చక్కెర తొక్కలేదు. బోధన్ శక్కర్‌నగర్‌లో, ఫ్యాక్టరీ గోడకు ఆనుకున్న గల్లీలో, చక్కెర బస్తాలు మోసీ మోసీ వీపు వంగిన ఆమె భర్త హనోకు ఇంట్లో, చక్కెర డబ్బాలో ఇప్పుడు సూదులూ దారపు ఉండలూ ఉంటాయి. ఫ్యాక్టరీ మూతపడ్డ మూడో ఏడు హనోకు పోయాడు.

ఆయన పోయినప్పటినుంచే ఆ ఇంటి చాయ్‌కు ఒక గుణం వచ్చింది. కప్పులు చేతిలో ఉండగా ఎవరైనా అబద్ధమాడితే, అందరి కప్పుల్లోనూ చాయ్ తీపెక్కుతుంది. చిన్న అబద్ధానికి చిటికెడు తీపి. పెద్దదానికి పానకం. గల్లీవాళ్లు దీన్ని విడ్డూరంగా ఏమీ చూడలేదు. ఒకరింటి బోరు నీళ్లు ఉప్పన, ఒకరింటి చాయ్ ఇట్లా, అంతే. పోశయ్య బర్రె బేరానికొచ్చినవాణ్ని నేరుగా యేసమ్మ ఇంటికే తోలుకొస్తాడు. లింగవ్వ రెండుసార్లు తన కోడల్ని తీసుకొచ్చింది. మూడోసారి కోడలే అత్తను తీసుకొచ్చింది. చర్చి పాస్టర్‌గారు మాత్రం ఆ ఇంట్లో మంచినీళ్లే తాగుతాడు.

ఆ చాయ్‌కు ఒక్కటి చేతకాదు. చెప్పేవాడు నిజమని నమ్మి చెబితే దానికి దొరకదు. ఈ సంగతి యేసమ్మ పెద్దకొడుకు బెన్‌హర్ బతుకు పెట్టి నేర్చుకుంది. "ఒక్క పైస కట్టే పనిలేదక్కా, ఫీజంత సర్కారే ఇస్తది" అని ఆమె తమ్ముడు ఒక ఇంజినీరింగ్ కాలేజీ పేరు చెప్పిన రోజు చాయ్ చప్పగానే ఉంది. పాపం, నమ్మే చెప్పాడు. సర్కారు సొమ్ము రాలేదని ఆ కాలేజీ బెన్‌హర్ సర్టిఫికెట్లను బీరువాలో పెట్టి తాళమేసుకుంది. నాలుగేళ్లు చదివినవాడు ఇప్పుడు హైదరాబాద్‌లో ఇంటింటికీ అన్నం పొట్లాలు మోస్తున్నాడు. తండ్రి వీపు మీద మోశాడు, కొడుకు బండి మీద మోస్తున్నాడు. చదువు తెచ్చిన తేడా అదీ.

అందుకే చిన్నది ఆశా ఇంటర్ బైపీసీలో వెయ్యికి తొమ్మిదివందల అరవై రెండు తెచ్చుకున్నప్పుడు యేసమ్మ సంబరపడే ముందు భయపడింది.

మార్కులొచ్చిన మూడో రోజే రామ్‌దాస్ దిగాడు. ప్రైవేటు కాలేజీకి పిల్లల్ని పట్టుకుపోయే మనిషి. ఎండాకాలమొస్తే మామిడికాయల బేరగాళ్లకంటే ముందు వీళ్లే గల్లీల్లో తిరుగుతారు. మెరిసే కాగితం మీద అద్దాల మేడ చూపించాడు.

"హాస్టల్ ఫ్రీ ఆంటీ. బస్సు ఫ్రీ. ల్యాప్‌టాప్ గుడ మా మేనేజ్‌మెంటే ఇస్తది."

యేసమ్మ ఒక గుటక వేసింది. తియ్యగా ఉంది.

"సార్లున్నరా నాయినా, లేకపోతే బిల్డింగే పాఠం చెప్తదా?"

"అయ్యో, అందరు పీహెచ్‌డీలే! నూటికి నూరు మందికి నౌకరీలు!"

చాయ్ పెదవులకు అంటుకుంది. గోడ పగులులోంచి ఒక చీమ తల బయటపెట్టింది. రామ్‌దాస్ మూతి నాక్కుంటూ, "చాయ్ మస్తున్నది ఆంటీ. ఇంకింత పోస్తరా?" అన్నాడు.

"పోస్త తియ్యి. నువ్వు చేసుకున్న చాయే గద."

ఆశా నోట్లో చున్నీ కుక్కుకుని లోపలికి పరిగెత్తింది.

ఆదివారం స్నేహలత మేడం వచ్చింది. ఆశా చదివిన సర్కారు జూనియర్ కాలేజీలో బాటనీ చెబుతుంది. ఒకసారి ఆమె నిజాంసాగర్ కాలువ నీటి చుక్కను మైక్రోస్కోప్ కింద పెట్టి చూపించింది. చుక్కలో ఒక ఊరికి ఊరే ఈదుతోంది. ఆ రోజు అన్నం తినకుండా ఆ ఊరి గురించే మాట్లాడిన పిల్ల ఆశా.

"హైదరాబాద్‌ల సర్కారు ఆడపిల్లల కాలేజీ ఉన్నది," అంది మేడం. "దరఖాస్తుల దాన్నే మొదలు పెట్టుకో. నువ్వు కోరే మైక్రోబయాలజీ, పెద్ద ల్యాబ్, లోపల్నే హాస్టల్. ఫీజు మీకు బరువు గాదు. నిజామాబాద్‌ల మామూలు బీఎస్సీ జేస్తే గుడ డిగ్రీ వస్తది. కని ఈ పిల్ల సూసిన ఆ చుక్క దొరకాలంటే హైదరాబాదే."

చాయ్ చప్పగానే ఉంది. యేసమ్మ వదల్లేదు. "మేడం, మీరు నమ్మి చెప్తున్నరా, సూసి చెప్తున్నరా?"

"సూసే చెప్తున్న యేసమ్మా. ఆ హాస్టల్ల మూడేండ్లు నీళ్ల చారు తాగి చదివిన."

యేసమ్మ కప్పు దించి మొదటిసారి నవ్వింది. తెల్లారి ఆశా నెట్ సెంటర్‌కు పోయి కాలేజీల వరసలో హైదరాబాద్ మొదట పెట్టింది. మార్చుకోవాలంటే ఇంకా వారం గడువుంది. మార్చుకునేవాళ్లెవరు?

గురువారం యేసమ్మ పాదాలు వాచి చెప్పులు పట్టలేదు. "బస్సుల పోయి సూపిచ్చుకొస్త" అని ఒక్కతే నిజామాబాద్ పెద్ద దవాఖానకు పోయింది. పొద్దుగూకేటప్పటికి వచ్చింది, బియ్యం కడిగింది, అన్నం వండింది.

తెల్లారి చాయ్ పెట్టలేదు.

"పాలు ఇరిగినయే," అంది. మర్నాడు, "ఎండలకు చాయెందుకు?" అంది. మూడోనాడు లింగవ్వ గోడమీంచి కేకేసింది. "ఏమే యేసమ్మా, మీ ఇంట్ల చాయ్ బంద్ వెట్టినవట? ఎవల్ని దాచినవే ఇంట్ల?"

"నీ మొగణ్ని! రా, తోల్కపో!"

గల్లీ అంతా నవ్వింది. ఆశా నవ్వలేదు. అబద్ధం కడుపులో ఉన్నవాడు ఆ ఇంటి చాయ్ ముట్టడని గల్లీలో కోళ్లకు కూడా తెలుసు.

నాలుగో పొద్దున ఆశాయే గిన్నె పెట్టింది. రెండు కప్పుల్లో పోసి, ఒకటి తల్లి ముందుకు జరిపింది.

"నాకొద్దు పిల్లా. కడుపుల మంటగున్నది."

"పట్టుకో అమ్మా."

పట్టుకుంది.

"దవాఖానల ఏమన్నరు?"

యేసమ్మ ఆవిరి వైపు చూసింది. రెండు కిడ్నీలూ పోయాయన్నారు. వారానికి రెండుసార్లు మిషన్ పెట్టి రక్తం కడగాలన్నారు, బతికినన్నాళ్లూ. తోడు ఎవరొస్తారని నర్సు అడిగితే కొడుకు వస్తాడని చెప్పింది. అక్కడ చేతిలో చాయ్ లేదు కాబట్టి సరిపోయింది.

"ఏమంటరు? నీరు పట్టిందన్నరు. గోలీలు మార్చిండ్రు. నువ్వు బేఫికర్‌గ హైదరాబాద్ పో బిడ్డా."

ఆశా తాగింది. రామ్‌దాస్ చాయ్ దీని ముందు వేపకషాయం. గొంతు దిగడానికి మూడుసార్లు మింగాల్సి వచ్చింది. తాను చెప్పిన మాట బిడ్డ నాలుక మీద ఎట్లా ఉందో యేసమ్మకు తెలుసు. ఆమె కప్పులోనూ అదే ఉంది. ఇద్దరూ ఒకరినొకరు చూసుకోలేదు. గోడ మీద చీమలు బారుకట్టాయి. ఆశా కప్పు ఖాళీ చేసి, కడిగి, బోర్లించి, చున్నీ వేసుకుని బయటికి పోయింది. గడువుకు అదే ఆఖరి రోజు.

మధ్యాహ్నం తిరిగొచ్చి, "అమ్మా, మార్చిన. నిజామాబాద్ మొదలు పెట్టిన," అంది.

"ఎవల్నడిగి మార్చినవే? నీ తెలివికి అగ్గి వెట్ట! తొమ్మిదివందల అరవై రెండు తెచ్చి పొయ్యిల వెడ్తవా? ఆ మేడంకు నేనేం మొఖం సూపియ్యాలే?"

యేసమ్మ వాచిన కాళ్లతో లేచి, గిన్నె పెట్టి, చాయ్ కాచింది. బిడ్డ చేతిలో కప్పు పెట్టింది. తానొకటి పట్టుకుంది.

"ఇగ చెప్పు. ఎందుకు మార్చినవ్?"

"హాస్టల్ తిండి నాకు పడదమ్మా." ఆశా ఒక గుటక వేసింది. "హైదరాబాద్ అంటెనే నాకిష్టం లేదు. ఆ మైక్రోస్కోపుల సూస్తే నాకు తలకాయ నొస్తది. నాకు నిజామాబాదే మంచిగనిపిచ్చింది."

యేసమ్మ నోట్లో చాయ్ తేనెలా సాగింది. చిటికెడు చక్కెర కూడా ముట్టొద్దన్నాడు డాక్టర్. ఉమ్మేస్తే, నీ మాట అబద్ధమని బిడ్డకు చెప్పినట్టు. ఆ తర్వాత తన మాట కూడా చెప్పాలి. ఇద్దరివీ బయటపడితే ఆ చిన్న ఇంట్లో ఎక్కడ పెట్టుకోవాలి?

కప్పు అడుగు కనిపించేదాకా తాగింది.

"మంచిది బిడ్డా. నీ ఇష్టమే నా ఇష్టం," అంది. ఆశా కప్పులో మిగిలిన రెండు గుటకలు ఇంకా చిక్కబడ్డాయి. ఆశా వాటినీ తాగింది.

ఆ రోజునుంచి ఆ ఇంట్లో చాయ్ పొయ్యి మీదినుంచి దిగేటప్పటికే తియ్యగా ఉంటోంది, ఎవరూ నోరు తెరవకముందే. పోశయ్య బర్రెల బేరం ఇప్పుడు వేరే చోట చేసుకుంటున్నాడు.

మంగళవారం, శుక్రవారం తల్లీబిడ్డలు నిజామాబాద్‌కు ఒకే బస్సు ఎక్కుతారు. ఆశా ఒళ్లో పుస్తకాలు, యేసమ్మ ఒళ్లో దవాఖాన కాగితాల సంచి. బిడ్డకు దారిలో ఆకలవుతుందని అందులో ఒక ఫ్లాస్కు చాయ్.

కాలేజీ స్టాప్ వస్తుంది. పిల్లలు తోసుకుంటూ దిగుతారు. ఆశా కదలదు.

"ఇయ్యాల క్లాసుల్లేవమ్మా."

యేసమ్మ ఫ్లాస్కు మూత మీద వేసిన చెయ్యి వెనక్కు తీసుకుంటుంది. బస్సు దవాఖాన వైపు కదులుతుంది.