చీటీలో ఇంగ్లీషు మాట

డ్రైక్లీనింగ్ దుకాణం వెనక గదిలో ఆమె రఫూ పని చేసేది. చిరిగిన బట్టను అదే రంగు పోగులతో, ఆనవాలు తెలియకుండా అల్లాలి. పని కుదిరితే ఎవరి కంటా పడదు. కుదరకపోతేనే మనిషిని పిలిపిస్తారు. పద్దెనిమిదేళ్లలో ఆమెను పిలిపించింది రెండుసార్లు. భర్త ఉన్నన్నాళ్లూ ఆమె అల్లిన బట్టను వెలుతురుకు పట్టి వెతికి, ఓడిపోయానని ఒప్పుకొనేవాడు. ఆయన పోయి నాలుగేళ్లయింది.

ఒక మంగళవారం గుమస్తా ఆమెకో చీటీ తెచ్చి ఇచ్చాడు. ఊలు కోటు తీసుకెళ్లినావిడ, రఫూ చేసినవారికి ఇమ్మందట. అందులో ఉన్నది ఒక్క ఇంగ్లీషు మాట.

"ఏమని రాసుంది?"

"ఎక్స్‌క్విజిట్ అని. బాగుందని లెండి."

"బాగుందనే అయితే గుడ్ అని రాసేవారుగా. గుడ్ నాకూ వచ్చు."

అతను తల గోక్కుని, "పోనీ, చాలా బాగుందనుకోండి," అని వెళ్లిపోయాడు.

ఆదివారం ఆమె గ్రంథాలయానికి వెళ్లింది. అక్కడ పనిచేసే ఆవిడది ఇంచుమించు ఈమె వయసే. లావుపాటి నిఘంటువు తీసి, వేలు పెట్టి చదివింది.

"అపురూపంగా, ఎంతో నాజూగ్గా ఉన్నదని అర్థం. చెయ్యి తిరిగినవాళ్ల పనితనాన్ని మెచ్చుకోడానికి వాడతారు." వేలు కింది వరుసకు జరిపి, "నొప్పికి కూడా వాడతారట," అంది.

"నొప్పికా?"

"ఓర్చుకోలేనంత నొప్పికి."

"ఒకే మాటా?"

"ఒకే మాట."

సాయంత్రం అక్కకు ఫోను చేసింది. "నా పని మెచ్చుకుని ఎవరో చీటీ రాశారక్కా."

"మంచిదే కదే. జనాలకి ఎంత తీరికో."

రెండో అర్థం సంగతి చెప్పబోయింది. ఈలోగా అక్క తన మోకాళ్ల గురించి మొదలుపెట్టింది. చివరిదాకా ఊఁ కొట్టి, ఫోను పెట్టేసి, మంచం అంచున అలాగే కూర్చుండిపోయింది. పనిలో ఉన్నంతసేపూ ఏమీ తెలియదు. ఇంటి తాళం తీయగానే గుండెలో కలుక్కుమంటుంది. దానికి పేరుంటుందని ఆమె ఎన్నడూ అనుకోలేదు.

మరుసటి ఆదివారం మళ్లీ వెళ్లింది.

"ఇంకో మాట తెచ్చారా?" అంది గ్రంథాలయం ఆవిడ.

"లేదండీ. ఊరికే వచ్చాను." అప్పుడే ఆవిడ శాలువాకు శనగగింజంత చిల్లు కనబడింది. "అదిలా ఇవ్వండి."

కిటికీ దగ్గర కూర్చుని సంచిలోంచి సూది తీసింది. ఆవిడ కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది.

"ఏం మాట్లాడరేం?"

"అలవాటు తప్పిందండీ."

"నాకూ అంతే."

ఇద్దరూ నవ్వుకున్నారు. చిల్లు పూడేసరికి గ్రంథాలయం మూసే వేళ అయింది.