నూట పన్నెండు మందికి ఒకే నాన్న

చంద్రపూర్‌లో నేను రాసిన పుస్తకం చదవకుండా డిగ్రీ పాసైనవాళ్లు తక్కువ. పుస్తకమంటే పదహారు పేజీలు, రెండు పిన్నులు. జట్‌పురా గేటు దగ్గర నేను పనిచేసే దత్తు జిరాక్స్ దుకాణంలో దొరుకుతుంది. దాని మీద సుభాషిణి అనే నా పేరు ఉండదు. దత్తు ఫోన్ నంబరు ఉంటుంది.

ఆ ఏడాది పేపరు పేరు ‘ఆరోగ్యం, సమాజం, విజ్ఞాన ప్రచారం’. అసలు పుస్తకం మూడొందల పేజీలు. చెప్పిందే మళ్లీ చెప్పినవన్నీ తీసేస్తే పదహారు మిగిలాయి. పాఠానికి ఐదు పాయింట్లు, ఒక ఉదాహరణ. అంతకంటే ఎక్కువిస్తే పిల్లలు భయపడతారు, తక్కువిస్తే దత్తు భయపడతాడు.

మనిషికి ఆరోగ్యం గురించి సమాచారం ఇస్తే సరిపోదు, చెప్పేవాడు తనలాంటివాడై ఉండాలి. నాలుగో పాఠం మొత్తం ఇంతే. పుస్తకంలో ఉదాహరణ ఏదో చలిదేశపు చేపలవాళ్లది. వాళ్ల పేర్లకు నాకే నోరు తిరగలేదు. వాళ్లను తీసేసి మా నాన్నను పెట్టాను.

మరాఠీలో ఇలా రాశాను: మా నాన్న సమ్మన్నది లక్కడ్‌కోట్ అనే ఊరు. ఇరవై రెండేళ్లుగా ఘుగ్గుస్ గనుల్లో బొగ్గు లోడింగు పని. ఎనిమిది నెలలుగా దగ్గు. ఎంత చెప్పినా దవాఖానకు పోలేదు. చివరికి పక్కన పనిచేసే అంజన్న చెప్తే పోయాడు, ఎక్స్‌రే తీయించుకున్నాడు, మందులు వాడి బాగుపడ్డాడు.

‘పోలేదు’ వరకు నిజం. తర్వాతది నేను కల్పించాను. ముగింపు లేని ఉదాహరణకు మార్కులు పడవు. అంజన్న పేరే ఎందుకంటే, మా నాన్న జీవితంలో ఒకరి మాట విన్నాడంటే అది అతనిదే. మా అమ్మ మాట కూడా వినలేదు.

అప్పటికి నేను నాన్నకు తొమ్మిదిసార్లు చెప్పి ఉన్నాను. పాఠంలో ఉన్న పద్ధతులన్నీ వాడాను. అంకెలు చెప్పాను, ఊపిరితిత్తుల బొమ్మ చూపించాను, ఏడ్చాను. ఏడవడం పాఠంలో లేదు. ఆయన తొమ్మిదిసార్లూ ఒకటే జవాబిచ్చాడు.

“చూపెట్టుకోకపోతే దగ్గే గదా బిడ్డా. చూపెట్టుకుంటే రోగమైతది.”

దీనికి ఎదురు చెప్పడానికి మూడొందల పేజీల్లో ఏమీ దొరకలేదు. నాకు ఆయన మీద ఎంత కోపమో అంత భయం కూడా.

పరీక్షలో నాలుగో పాఠం వచ్చింది. మీకు తెలిసిన ఉదాహరణతో వివరించండి అని అడిగారు. పేపర్లు దిద్దిన ప్రతిభ మేడం ఒకప్పుడు నాకూ పాఠం చెప్పింది. నా వాక్యాలు గుర్తుపట్టి నేరుగా దుకాణానికే వచ్చింది. నూట పన్నెండు మంది ‘మా నాన్న సమ్మన్న’ అని రాశారట. అందులో ఒకమ్మాయి తండ్రి పళ్ల డాక్టరు, మేడంకు పన్ను కట్టింది ఆయనే. ఒక్కడు మాత్రం తెలివిగా ‘మా మామయ్య సమ్మన్న’ అని మార్చాడు. వాడికి ఒక మార్కు ఎక్కువ వేశానంది.

ఈ సమ్మన్న నిజంగా ఉన్నాడా అని అడిగింది. ఉన్నాడన్నాను. ఎలా ఉన్నాడంది. దగ్గుతున్నాడన్నాను. మరి ఎక్స్‌రే? తీయించుకోలేదన్నాను. మేడం కళ్లద్దాలు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకుంది. పాఠం నూట పన్నెండు మందికి చేర్చావు, చేరాల్సినవాడికి తప్ప, అని వెళ్లిపోయింది. నాకు తల కొట్టేసినట్టయింది.

ఆదివారం పని లేక నాన్న దుకాణానికి నాకు టిఫిన్ డబ్బా తెచ్చాడు. దత్తు నోరు ఊరుకోదు. ఈయనే సమ్మన్న కాకా అని అక్కడున్న పిల్లలకు చూపించాడు. అంతా చుట్టుముట్టారు. ఎక్స్‌రేలో ఏం వచ్చింది కాకా అని ఒకడు, ఎన్నాళ్లు మందులు వాడావని ఇంకొకడు. పళ్ల డాక్టరు కూతురైతే, పాసయ్యాను కాకా అంటూ కాళ్లకు దండం పెట్టింది. నాన్న బాగుంది బాగుంది అంటూనే దగ్గడం మొదలుపెట్టాడు. చాలాసేపు దగ్గాడు. పిల్లలు ఒకరి మొహం ఒకరు చూసుకుని మెల్లగా జారుకున్నారు.

నాన్న ఒక కాపీ తీసుకుని స్టూలు మీద కూర్చున్నాడు. ఊళ్లో మరాఠీ బడే కాబట్టి ఆయనకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం మరాఠీలోనే. నాలుగో పాఠం మీద వేలు పెట్టి చదివాడు. అయిపోయాక మళ్లీ మొదటినుంచి చదివాడు. నేను తిట్లకు సిద్ధంగా ఉన్నాను.

“అంజన్న పోయి మూడేండ్లాయె,” అన్నాడు.

తెలుసన్నాను.

“వాడు గూడ గిట్లనే దగ్గేటోడు. ఇద్దరం పక్కపక్కన ఎత్తేటోళ్లం. పోయి చూపెట్టుకోరా అని నేను వానికి ఒక్కనాడు చెప్పలే. గా మాట తీస్కపోయి వాని నోట్లె పెట్టినవ్ నువ్వు.”

అంజన్న పోయాడని తెలుసు గానీ, ఆ దగ్గు సంగతి ఆయన ఎన్నడూ చెప్పలేదు. తప్పయింది, పేరు తీసేస్తానన్నాను.

“ఉండనీ,” అన్నాడు. “వాడు చెప్పిండు గదా.”

మర్నాడు పొద్దున ఇస్త్రీ చొక్కా వేసుకుని గడపలో నిలబడి, సర్కారు దవాఖానలో ఎక్స్‌రే ఏ గదిలో తీస్తారని అడిగాడు. పదోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. నేను కూడా వెంట వెళ్లాను.

కుడి ఊపిరితిత్తిలో మచ్చ ఉంది. కఫం పరీక్ష చేసి టీబీ అన్నారు. ఆరు నెలలు మందులు వాడాలి. ఇప్పటికి రెండు నెలలైంది. రోజూ గోళీలు మింగి, గోడవైపు తిరిగి “ఏసుకున్న రా” అంటాడు. ఎవరితో అని నేను అడగను.

కొత్త ప్రింటులో నాలుగో పాఠం ‘ఎక్స్‌రే తీయించుకున్నాడు’ దగ్గర ఆపేశాను. కింద ఒక లైను ఖాళీ వదిలాను. ఉదాహరణ సగంలో ఆగిందని పిల్లలు అడుగుతున్నారని దత్తు గొణుగుతున్నాడు. ఇంకో నాలుగు నెలలు ఆగమన్నాను.