కార్నెట్‌కు రాసిన అంకెలు

కబురు వచ్చేసరికి బ్యాండు మాస్టర్ ఉపేందర్ చేతిలో డ్రమ్ము పుల్లలున్నాయి. హెడ్మాస్టర్ జగపతి ఆఫీసు గదిలోంచి గ్రౌండులోకి దాదాపు పరుగెత్తుకుంటూ వచ్చాడు. ఆయన పరుగెత్తగా మానుకోట బడిలో ఎవరూ చూసి ఎరుగరు. ఒక చేతిలో కవరు, ఇంకో చేత్తో జారిపోయే కళ్లద్దాలు.

"ఉపేందర్! వచ్చిందయ్యా! ఆగస్టు పదిహేనుకు హన్మకొండ పరేడ్‌ల మన బ్యాండే!"

పిల్లలు ఒక్కసారి గోల పెట్టారు. పెద్ద డ్రమ్ము మోసేవాడు దాన్ని దించకుండానే గంతులు వేశాడు. ఉపేందర్ "మంచిది సార్" అన్నాడు. ఆ మాట నోటి ఎడమ పక్క నుంచే వచ్చింది.

"అయితే ఒక్కటుంది," అన్నాడు జగపతి. "పాత పాటలు నడువయట. మన దిక్కు పాటను మనమే బ్యాండుకు తయారు చేసుకోవాలె. శనివారం మధ్యాహ్నం నేను వింట. బాగుంటే పేరు ఖాయం చేస్త. లేకుంటే మన జాగ వేరే బడికి ఇచ్చేస్తరు. ఆరు రోజులు, ఉపేందర్!"

ఉపేందర్ తలాడించాడు. ఏదో ఒకటి అనిపించాలి కదా అని తన లోపల వెతుక్కున్నాడు. సంతోషం లేదు. భయమన్నా ఉందా అని చూస్తే అదీ లేదు. కుడి బుగ్గను వేలితో నొక్కుకున్నాడు. ఎవరిదో బుగ్గను ముట్టినట్టుంది.

ఆ బుగ్గ అట్లా అయింది మాఘమాసంలో. జనగామలో పెళ్లయిన నాలుగో రోజు, తెల్లవారుజాము ప్యాసింజర్‌లో కిటికీ పక్కన కూర్చుని కొత్త పెళ్లాం కరుణతో మానుకోటకు వచ్చాడు. మర్నాడు అద్దంలో చూసుకుంటే మూతి ఒక పక్కకు పోయింది. గాలి కొట్టిందన్నారు. దవాఖానలో సూదులు వేశారు. రెండు నెలలకు మూతి చూపులకు సర్దుకుంది. బుగ్గకు, పెదవికి మాత్రం స్పర్శ తిరిగి రాలేదు. మూడు మీటల ఇత్తడి బూర కార్నెట్‌ను నోట పెట్టుకుంటే కుడి పక్క నుంచి గాలి జారిపోయి బుస్సుమనేది. బడిలో అడిగితే పంటి నొప్పి అని చెప్పాడు. కార్నెట్‌ను ఎప్పటిలాగే చంకలో పెట్టుకుని తిరుగుతూ, ఐదు నెలలు డ్రమ్ములతోనే నెట్టుకొచ్చాడు.

అతనికి వచ్చిన పాఠం చెప్పే పద్ధతి ఒక్కటే. తాను ఊదుతాడు, పిల్లలు అతని వేళ్లు చూసి ఊదుతారు. సరిగమలు వరుసగా ఊదించి గుర్తుపట్టించడం వరకే, పాటలు కాగితం మీద రాసేది లేదు. తానూ అట్లాగే నేర్చుకున్నాడు. అరవై తొమ్మిదిలో తెలంగాణ కొట్లాటలకు బళ్లు మూతబడితే, పదమూడేళ్ల ఉపేందర్ ఆ ఏడాదంతా కురవి ఊరి మొండయ్య పెళ్లి బ్యాండు వెనక తిరిగాడు. మొండయ్య చదువంతా మూడు ముక్కలే: చూడు, విను, ఊదు.

సాయంత్రం ఇంటికొచ్చి కరుణకు సంగతి చెప్పాడు. ఆమె చేతిలో చాయ గ్లాసులున్నాయి, పెళ్లికి వచ్చిన స్టీలు గ్లాసులు. వాటిలో తన ముఖం గుండ్రంగా కనిపిస్తుందని రోజూ ఒకసారైనా చూసి నవ్వుకునేది. ఈ అద్దె గదిలో ఆమెకు అన్నీ లాభాలే. పొద్దున నీళ్లు వచ్చే ముందు కుళాయి ఈలవేస్తే అదొక లాభం. కిటికీ తెరిస్తే బడి వెనక పొలం కనిపిస్తే ఇంకో లాభం.

"హన్మకొండనా!" అని గ్లాసులు కింద పెట్టి చప్పట్లు కొట్టింది. "ఇగో, నన్ను తోలుకపోతరా లేదా ముందు అది చెప్పుండ్రి."

"నేనే పోను," అన్నాడు ఉపేందర్. "బ్యాండు వదిలేస్తనని శనివారం సార్‌కు చెప్త. ఊదరానోడు బ్యాండు మాస్టరెట్లయితడు? డ్రిల్లు చెప్పుకుంట."

పదమూడేళ్లు నోట పెట్టుకున్నదాన్ని వదిలేస్తానన్నప్పుడు బాధ కలగాలి. కలగలేదు. చాయ మాత్రం కుడి పక్క నుంచి గడ్డం మీదికి కారింది. కరుణ కొంగుతో తుడిచింది.

కొంతసేపటికి, "పాట తయారు చేసేటందుకు పెదవి గావాల్నా?" అంది.

"అంటే?"

"గా నాట్లేసేటోళ్ల పాట వింటున్నరా? మూడు రోజులసంది నన్ను ఇడుస్తలేదు."

పొలంలో ఆడవాళ్లు వంగి నాట్లు వేస్తున్నారు. ఒకామె పాట ఎత్తుకుంటే మిగిలినవాళ్లు అందుకుంటున్నారు. కరుణ జనగామలో డిగ్రీ చదువుతూ మేనత్త దగ్గర హార్మోనియం నేర్చుకుంది. రైల్లో చీరల పెట్టె కంటే ఆ పెట్టెనే భద్రంగా పట్టుకొచ్చింది. దాన్ని తెరిచి ఆ పాటను వెతికి వెతికి పట్టుకుంది. దొరికిన ప్రతిసారీ "ఇగో దొరికింది!" అని ఉపేందర్ మోకాలు మీద కొట్టింది.

అతను వినగా వినగా ఎప్పటి అలవాటో పనిచేసింది. "ఎత్తుకునేది ఫ్లూట్లకియ్యి," అన్నాడు. "ఒక్కామె పాడినట్టు సన్నగ రావాలె. అందుకునేది కార్నెట్లు. డ్రమ్ము అప్పుడే మొదలుపెట్టద్దు, రెండో చరణంల రానియ్యి. మొదట్లనే కొడితే పాట తొక్కుడు పడ్తది."

ఆమె నోటుపుస్తకం తెచ్చి సరిగమలు రాసుకుంది. రెండు సాయంత్రాల్లో ఎవరి వంతు వాళ్లకు వేరు వేరు కాగితాలు తయారయ్యాయి. కార్నెట్ కాగితం కింద ఆకుపచ్చ సిరాతో చిన్న వరి మొలక కూడా గీసింది.

గురువారం సాయంత్రం గ్రౌండులో కాగితాలు పంచాడు ఉపేందర్. ఫ్లూట్లు ఎత్తుకున్నాయి. బాగానే ఉంది. కార్నెట్లు అందుకున్నాయి. అంతే, రెండు ఎడ్లబండ్లు ఒకే ఇరుకు సందులో ఎదురెదురుగా వచ్చినట్టయింది. కార్నెట్ ఊదే ధన్‌సింగ్ ఫ్లూట్ల వైపు కోపంగా చూశాడు, ఫ్లూట్లు ధన్‌సింగ్ వైపు చూశాయి. ఎవరి కాగితం వాళ్లు తప్పు లేకుండా చదువుతున్నారు. మళ్లీ ఊదించాడు, మళ్లీ అదే.

ఆఫీసు కిటికీలోంచి జగపతి తల బయటకు వచ్చింది. "ఏందయ్యా ఉపేందర్! గిది పాటనా, పంచాయితీనా?"

పిల్లలు నవ్వారు. కార్నెట్ నోట పెట్టుకుంటే ఒక్క నిమిషంలో తేలే సంగతి. ఉపేందర్ చేయి సగం లేచి ఆగిపోయింది. "పోండ్రి ఇగ, రేపు చూద్దం," అన్నాడు. సిగ్గు కూడా వేయలేదతనికి.

ఇంట్లో కరుణ విని ముఖం చిన్నబుచ్చుకుంది. అది ఎంతోసేపు నిలవలేదు. "నేనెక్కడనో తప్పు రాసినట్టుంది. పట్టుకుందం," అని హార్మోనియం ముందుకు లాక్కుంది. ఉపేందర్ గోడకు ఆనుకుని, కార్నెట్ ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. ఆమె పాట మొదలుపెట్టింది. అతనికి తెలియకుండానే వేళ్లు మీటల మీద నడిచాయి. ఊదేది లేదు, టిక్కు టిక్కుమని మీటల చప్పుడే.

కరుణ టక్కున ఆగింది. "ఆగుండ్రి. నేను 'స' వాయిస్తె మీరు రెండు మీటలెందుకు నొక్కిండ్రు?"

ఉపేందర్ తన చేతిని చూసుకున్నాడు. ఒకటో మీట, మూడో మీట. "ఏమో. ఎప్పుడూ గంతే."

"మరి పిల్లలకు కార్నెట్ మీద 'స' అంటె ఏం చెప్పిండ్రు?"

"ఏమీ నొక్కకుండ ఊదితే వచ్చేది."

ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. కార్నెట్‌లో మీటలు నొక్కకుండా వచ్చే 'స' హార్మోనియం, ఫ్లూట్ల 'స' కంటే ఒక స్వరం కింద పలుకుతుంది. కరుణ అందరికీ ఒకటే 'స' రాసింది. పెళ్లి బ్యాండులో ఎవరూ కాగితం చూడరు కాబట్టి ఈ తేడా అక్కడ ఎవరికీ అడ్డం రాలేదు. పదమూడేళ్లుగా అతని వేళ్లు దాన్ని సర్దుకుంటూనే ఉన్నాయి. ఆ సంగతి అతనికే తెలియదు.

"మీ వేళ్లకు అంతా ఎరుకేనండి!" కరుణ నవ్వింది. "మీకే ఎరుకలేదు. మళ్ల వాయిస్త, వేళ్లు నడిపియ్యుండ్రి. సరిగమలు బందువెట్టి మీటల అంకెలే రాస్త."

ఆమె వాయిస్తుంటే అతను నొక్కాడు. ఒకటి మూడు. ఒకటి రెండు. రెండు. ఏమీ నొక్కనిదానికి సున్న. కళ్లు మూసుకుని వేళ్ల కొనల మీదే ధ్యాస పెట్టాడు. అక్కడ మీటలు చల్లగా తగులుతున్నాయి. సగం పాట అయ్యాక కరుణ కలం ఆగింది.

"రి, ప... రెండిటికి 'ఒకటి రెండు' అనే రాసిన. ఎట్ల తెలుస్తది పిల్లలకు?"

"తేడా పెదవిది. పైదానికి బిగియ్యాలె. కాగితం మీద రాదు, చూపియ్యాలె."

"ఎవరు చూపిస్తరు?"

ఉపేందర్‌కు మొండయ్య గుర్తుకొచ్చాడు. మొండయ్య అతని పెళ్లి ఊరేగింపులో ఊదాడు. ఆ రోజు ఉపేందర్ గురువు చేతిలోని కార్నెట్ గుంజుకుని, బాసింగంతోనే ఒక పాట ఊదాడు. మూతి వంకరపోయిందని విని ఏప్రిల్‌లో మొండయ్య చూడవస్తే, ఇంట్లో లేడని కరుణ చేత చెప్పించాడు. మొండయ్య అరుగు మీద గంటసేపు కూర్చుని మంచినీళ్లు తాగి పోయాడు. తలుపు వెనక ఉపేందర్ ఆ గంటంతా నిలబడే ఉన్నాడు.

"ఆయన తిడతడు," అన్నాడు.

"తిట్టనియ్యుండ్రి. తిట్టినంక ఊదుతడు గద!"

శుక్రవారం సాయంత్రం గ్రౌండులో పిల్లలు వరుసగా నిలబడ్డారు. ఫ్లూట్ల కాగితాలు పాతవే. ధన్‌సింగ్ చేతిలో కొత్త కాగితం, నిండా అంకెలు, అడుగున వరి మొలక. ఉపేందర్ చంకలోంచి కార్నెట్ తీసి నేల మీద పెట్టాడు.

"నాకు పంటి నొప్పి లేదురా," అన్నాడు. "కుడి పక్క మూతికి సోయి లేదు. పెళ్లయినసంది ఊదస్తలేదు. మీకు అబద్ధం చెప్పిన."

 ధన్‌సింగ్ కాలితో మట్టి గీస్తూ, "మాకెరుకే సార్," అన్నాడు. "మీరు చాయ తాగితె కారుతది గద. మీరే చెప్తరని చూస్తున్నం."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు. పెద్ద డ్రమ్ము వాడు ఆ నవ్వినవాడి నెత్తిన పుల్లతో ఒకటిచ్చాడు. ఉపేందర్‌కు కూడా నవ్వు వచ్చింది, ఎడమ పక్కకే. కుడి బుగ్గ తడిమి చూసుకున్నాడు. ఏమీ తెలియలేదు. చెయ్యి తీసేశాడు.

ఆఫీసు మెట్ల మీద జగపతి నిలబడి అంతా వింటున్నాడు. "ఇప్పుడేం జేస్తవ్, ఉపేందర్?" అన్నాడు. "రేపే కదయ్యా."

"రేపు పొద్దుగాల మొదటి బస్సుకు కురవి పోత సార్," అన్నాడు ఉపేందర్. "మొండయ్య కాక కాళ్లు పట్టుకొని ఎనిమిదింటికల్ల తోలుకొస్త. ఆయన ఊదుతడు. నేను వినుకుంట ఏది తప్పో చెప్త. ధన్‌సింగ్, నువ్వు ఆయన మూతి చూడు, నీ కాగితంల అంకెలు చూడు. అందరు ఏడున్నరకే గీడ ఉండాలె. మధ్యాహ్నం సార్ ముందట నాట్ల పాట వాయిస్తున్నం."